గేట్‌వే స్తంభన పరిశీలక సంఘం

గోనెసంచుల ప్రమాణాల మండలిలో బొడ్డేపల్లి దాలినాయుడికి ఉన్న పరువంతా ఒకే ఒక్క విద్య వల్ల వచ్చింది. ఆయన నిబంధనలు రాస్తాడు. గోనెసంచి గురించి ఆయనకు పెద్దగా తెలియదు. నిండిన సంచి ఏదో, ఖాళీ సంచి ఏదో కాస్త దూరం నుంచి చూసి చెప్పగలడు, అంతే. కానీ ఏ సంచిని ఎవరు ముట్టుకోకూడదో, ముట్టుకుంటే ఎవరికి సంజాయిషీ ఇచ్చుకోవాలో ఆయన రాసినంత చక్కగా విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా రాయగలవాళ్లు లేరని మండలిలో అందరూ ఒప్పుకునేవారు. ఆయన కూడా ఒప్పుకునేవాడు.

ఉద్యోగులు ఇంటి నుంచే పనిచేయడం నాగరికత అని మండలికి ఎవరో చెప్పారు. మండలికి ఒకసారి ఉత్సాహం వచ్చిందంటే పట్టడం కష్టం. ప్రతి అధికారి క్వార్టర్స్‌లోనూ ఒక గేట్‌వే కంప్యూటర్ పెట్టాలని తీర్మానం చేశారు. వీధిలోంచి వచ్చే ఇంటర్నెట్ తీగ ముందు ఈ కంప్యూటర్లోకి వెళుతుంది. ఇంట్లో ఫోన్లయినా, ల్యాప్‌టాప్‌లయినా దీన్ని దాటుకునే బయటికి వెళ్లాలి. లోకంలో అందరూ ఈ పనికి అరచేతిలో పట్టే చిన్న డబ్బా వాడతారు. మండలి చిహ్నం అతికించడానికి దాని మీద చోటు చాలదు గనక, నడుమెత్తు కంప్యూటర్లు తెప్పించారు.

వాటికి నిబంధనలు రాసే పని సహజంగానే సహాయ కార్యదర్శి దాలినాయుడికి వచ్చింది. మండలిలో ఒక పాత ఆచారం ఉంది. ఏ ఫైలూ ముగియదు. ఎంత పని పూర్తయినా దాని మీద 'చూచితిని, ఉంచుము' అని రాస్తారు. ముగిసిందని రాసినవాడిని రేపు ఎవరైనా ఎందుకు ముగించావని అడగొచ్చు. ఉంచినవాడిని అడిగిన నాథుడు లేడు. ఈ ఆచారాన్నే దాలినాయుడు కంప్యూటర్‌కీ పట్టించి పధ్నాలుగో నిబంధన రాశాడు. 'ద్వారము గుండా ఒకసారి ప్రవేశించిన ఏ సంబంధమునైనను, సదరు సంబంధము తాను నిష్క్రమించుచున్నట్లు స్వయముగా తెలియజేయునంతవరకు, ద్వారము తన మెమరీ నుండి తొలగించరాదు.' దానికి ఆయనకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆ ఊపులో పదిహేనోది కూడా రాశాడు. మండలి అనుమతి లేకుండా గేట్‌వేను ఆపడం గానీ, ఆపి మళ్లీ వేయడం గానీ సేవాభంగం కింద పరిగణింపబడుతుంది. ఏ గేట్‌వే ఎన్నాళ్లుగా ఆగకుండా నడుస్తోందో ప్రధాన కార్యాలయంలో ఒక పెద్ద తెర మీద కనిపిస్తుంది. డైరెక్టరు గారు వచ్చినవాళ్లందరినీ ముందు ఆ తెర దగ్గరికే తీసుకెళతారు.

ఆ కంప్యూటర్ మొదటిసారి బిగుసుకుపోయింది దాలినాయుడి ఇంట్లోనే. ఆయన భార్య వరహాలమ్మ పరీక్ష మధ్యలో.

వరహాలమ్మకు పెళ్లినాటికి చదువు డిగ్రీతో ఆగింది. కూతురు కాపురానికి వెళ్లాక ఇంట్లో తీరిక దొరికి, దూరవిద్యలో ఎం.ఏ.లో చేరింది. విషయం ప్రభుత్వ పాలనాశాస్త్రం. 'ఇంట్లోనే ఉంది కదా, పుస్తకం దేనికి?' అని దాలినాయుడు జోకు వేశాడు. ఆవిడ నవ్వలేదు. రాత పరీక్షలన్నీ గట్టెక్కింది. మిగిలింది మౌఖిక పరీక్ష ఒక్కటే. అది ఆన్‌లైన్‌లో. మొదటి ప్రశ్నకు ఆవిడ జవాబు చెబుతుండగా గేట్‌వే స్తంభించింది. తెర మీద అవతలి ప్రొఫెసరు గారు కళ్లు సగం మూసి అలాగే ఉండిపోయారు. ఇవతల ఆవిడ చాలాసేపు జవాబు చెబుతూనే ఉంది, పాపం. తరవాత విశ్వవిద్యాలయం నుంచి కబురొచ్చింది, అభ్యర్థిని గైరుహాజరు అని. బతిమాలితే గురువారం పదకొండింటికి ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదీ తప్పితే మళ్లీ మొదటి సంవత్సరం నుంచి చేరాలి.

"ఆపి మళ్లీ వెయ్యండీ. ఊళ్లో అందరూ చేసేది అదే కదా" అంది వరహాలమ్మ.

"అందరూ చేస్తారు. అందరికీ పదిహేనో నిబంధన లేదు" అన్నాడు దాలినాయుడు.

"అది రాసింది మీరే కదా!"

"అందుకే నేను అసలు ముట్టుకోకూడదు."

ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఫోన్ సిగ్నల్‌తో పని కానిద్దామన్నా ఆ క్వార్టర్స్‌కు సరిగ్గా వెనకే కొండ. సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలి. అక్కడ కూర్చుని పరీక్ష ఇవ్వడానికి వరహాలమ్మ మోకాళ్లు ఒప్పుకోవు.

దాలినాయుడు ఫిర్యాదు పెట్టాలనుకున్నాడు. గేట్‌వే ఫిర్యాదులు గేట్‌వే ద్వారానే పంపాలి. అది బిగుసుకున్నప్పుడు ఫిర్యాదు వెళ్లదు. మధ్యాహ్నం దానంతటదే కాస్త కదిలింది. ఆయన పరుగున వెళ్లి ఫిర్యాదు పేజీ తెరిచాడు. 'మీ గేట్‌వే ప్రస్తుతం స్తంభించి ఉన్నదా?' అని మొదటి ప్రశ్న. అబద్ధం ఆడలేక లేదని నొక్కాడు. 'సంతోషం. మీ సమస్య పరిష్కరించబడినది' అని వచ్చింది. ఆ ప్రశ్న కూడా తను రాసిందేనని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. మనలాంటి గుమాస్తాలకు ఇదొక సౌకర్యం. దెబ్బ తగిలినప్పుడు ఎవరు కొట్టారా అని వెతుక్కోనక్కర్లేదు.

చివరికి ఆఫీసుకు వెళ్లి నోటితో చెప్పాడు. సాంకేతిక సలహాదారు కోన త్రినాథ్ ఇంటికొచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుని, గంభీరంగా తల పంకించాడు.

"నెట్‌వర్క్ మెమరీ నిండిపోతోందండి. నిండాక కొత్తవాళ్లకు చోటు లేదు. పాతవాళ్లు కదలరు. దానితో బండి బిగుసుకుంటోంది."

"ఎందుకు నిండుతోందంటారు?"

"ఎందుకన్నది మన పరిధిలోకి రాదండి. మెమరీ తక్కువైందన్నంతవరకే నా సంతకం."

పదిహేనో నిబంధన ఉంది గనక, యంత్రాన్ని ఆపకుండానే మెమరీని రెట్టింపు చేశారు. రోజూ బిగుసుకునే కంప్యూటర్ రోజు విడిచి రోజు బిగుసుకోవడం మొదలుపెట్టింది. స్తంభనలు సగానికి తగ్గాయని మండలి పత్రికలకు ప్రకటన ఇచ్చింది. ఇంతలో మిగతా అధికారుల ఇళ్లలోనూ ఇదే తంతు మొదలైంది. అన్ని ఇళ్లలో మెమరీ పెంచే స్తోమతు మండలికి లేదు. కాబట్టి తప్పు కుటుంబ సభ్యులదని తేలింది.

ఈ విషయం తేల్చింది గేట్‌వే స్తంభన పరిశీలక సంఘం. దానికి అధ్యక్షుడు ఉప కార్యదర్శి భానోజీరావు. ఆయన ఏ మాటనైనా చెప్పే ముందు ఒకసారి కళ్లజోడు తీసి, చెప్పాక మళ్లీ పెట్టుకుంటాడు. ఇళ్లలో ఆడవాళ్లూ పిల్లలూ పట్టపగలు ఇంటర్నెట్ వాడటం వల్లే మెమరీ హరించుకుపోతోందని ఆయన కళ్లజోడు తీసి చెప్పాడు. 'మెమరీ పొదుపు పక్షోత్సవాలు' ప్రకటించారు. ఆఫీసు మెట్ల మీద అందరూ కుడిచెయ్యి చాచి నిలబడి, 'నేను నా మెమరీని వృథా చేయను, నా కుటుంబ సభ్యులను వృథా చేయనివ్వను' అని ప్రమాణం చేశారు. ప్రమాణపాఠం రాసింది ఎవరో చెప్పక్కర్లేదు.

దాలినాయుడి ఇంటి వసారాకు బట్టమీద రాసిన బ్యానరు కట్టారు. ఇంట్లో ప్రతి మనిషికీ ఒక తరగతి ఇచ్చారు. దాలినాయుడు మొదటి తరగతి వినియోగదారు. వరహాలమ్మ రెండో తరగతి. ఆవిడ పనసపొట్టు కూర వీడియో చూడాలన్నా ముందురోజు సాయంత్రంలోగా మొదటి తరగతికి తెలియజేయాలి. ఆయన పరిశీలించి, ప్రజాప్రయోజనం ఉంటే అనుమతిస్తాడు.

"గురువారం నా పరీక్షకి అనుమతి ఉందా?" అని అడిగింది వరహాలమ్మ, కూర తరుగుతూ.

"అదేం మాట వరహాలూ!"

"కాదండీ. ప్రజాప్రయోజనం ఉందో లేదో మీరు చూడాలి కదా."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ తిట్టింది, అలిగింది, పుట్టింటికి వెళ్లి వచ్చింది. ఇంత మర్యాదగా మాట్లాడటం మాత్రం ఇదే మొదలు. ఏమైనా సరే గురువారానికి దీని సంగతి తేల్చాలని దాలినాయుడు ఆ మధ్యాహ్నమే కంప్యూటర్ ముందు చతికిలబడ్డాడు.

లోపల ఎవరెవరికి ఎంత చోటు ఇచ్చారో చూపించే పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని ఎలా తెరవాలో త్రినాథ్ చూపించి వెళ్లాడు, తను మాత్రం తెరవకుండా. దాలినాయుడు తెరిచి కిందికి జరుపుతూ పోయాడు. అది ఎంతకీ అయిపోదే! కిందటి వినాయక చవితికి వచ్చిన బావమరిది ఫోన్ అందులో ఉంది. మనిషి ఆ సాయంత్రమే పార్వతీపురం బస్సెక్కాడు. గేట్‌వే మాత్రం ఆయన ఫోన్ కోసం చోటు అట్టే పెట్టి ఎదురుచూస్తోంది. నీళ్ల మోటారు బాగుచేయడానికి వచ్చినవాడి ఫోన్ ఉంది. వరహాలమ్మ ఎప్పుడో చూసి మూసేసిన వీడియోలు, తను తెరిచి చదవకుండానే వదిలేసిన వార్తలు, ఒక్కోదానికి ఒక్కో సంబంధం, ఒక్కో సంబంధానికి కాస్త కాస్త మెమరీ. అన్నీ భద్రంగా ఉన్నాయి. ఎప్పుడో ఒకటి పద్ధతిగా సెలవు తీసుకుంటే, ఆ కాస్త చోటుతోనే యంత్రం మళ్లీ కదులుతోంది. ఫోన్ జేబులో పెట్టుకుని గుమ్మం దాటిన మనిషి, వెళ్లొస్తానని నెట్‌వర్క్‌కి చెప్పి వెళ్లడు. చెప్పనివాడిని వెళ్లినట్టు లెక్క వేయకూడదని పధ్నాలుగో నిబంధన.

తెర మీద ఉన్నది కంప్యూటర్ రోగం కాదు. అది ఆఫీసులో ఆయన గది. బల్ల మీద, బీరువాల మీద, కుర్చీ కింద చూచితిని, ఉంచుము అని పేరుకుపోయిన ఫైళ్లు. తను చచ్చీ చెడీ ఒక యంత్రానికి తన ఉద్యోగం నేర్పాడు. అది తనకంటే నిజాయితీగా చేసింది. సిగ్గు ముంచుకొచ్చింది గానీ, నిబంధన ఎంత పకడ్బందీగా కుదిరిందో అని లోలోపల కాస్త ముచ్చట కూడా వేసింది. అందుకు ఇంకా సిగ్గేసింది.

మర్నాడు, బుధవారం, కంప్యూటర్ మళ్లీ బిగుసుకుంది. ఈసారి కదలలేదు. దాలినాయుడు భానోజీరావు గదికి వెళ్లాడు.

"సార్, కారణం దొరికింది. పధ్నాలుగో నిబంధన తీసేస్తే చాలు. కాసేపు చప్పుడు లేని సంబంధాన్ని వెళ్లిపోయినట్టు లెక్కేయాలి. ప్రపంచమంతా అలాగే చేస్తోంది."

భానోజీరావు కళ్లజోడు తీశాడు. "నాయుడు గారూ, ఆ నిబంధనకు మీకు ప్రశంసాపత్రం ఇచ్చాం. నిబంధన తప్పయితే పత్రం తప్పు. పత్రం తప్పయితే సంతకం చేసిన డైరెక్టరు గారు తప్పు. మీరు అంతదూరం వెళ్లదలచుకున్నారా?" కళ్లజోడు పెట్టుకున్నాడు.

"అయితే ఒకసారి ఆపి వేసుకోవడానికైనా అనుమతి ఇప్పించండి. రేపు మా ఆవిడకి పరీక్ష."

"తప్పకుండా పరిశీలిస్తాం. రేపు పది గంటలకు సంఘం స్వయంగా మీ ఇంటికి వచ్చి స్తంభనను ప్రత్యక్షంగా వీక్షిస్తుంది. అందాకా యంత్రాన్ని ఎవరూ ముట్టుకోకుండా, స్తంభించిన స్థితిని యథాతథంగా కాపాడవలసిన బాధ్యత మీది."

బిగుసుకున్న కంప్యూటర్‌కు కాపలా కాయడానికి దాలినాయుడు ఇంటికి చేరాడు. వరహాలమ్మ నోట్సు ముందేసుకుని చదువుకుంటోంది. పరీక్ష జరుగుతుందని నమ్మకం లేకపోయినా చదువుతూనే ఉంది.

గురువారం సంఘం సమయానికే వచ్చింది. భానోజీరావు, త్రినాథ్, ఇంకో ఇద్దరు సభ్యులు. పెసరట్లు తిన్నారు. ఆ తరవాత కంప్యూటర్ చుట్టూ నిలబడి, పెద్దమనిషి భౌతికకాయాన్ని చూడవచ్చినట్టు చేతులు కట్టుకుని మౌనంగా చూశారు.

"స్తంభించినట్టే ఉంది" అన్నాడు భానోజీరావు.

"ఉన్నట్టు ఉందా, ఉందా?" అన్నాడు ఒక సభ్యుడు. "నివేదికలో ఏదో ఒకటే రాయాలి కదండీ."

"స్తంభించిందని యంత్రం స్వయంగా చెబితే తప్ప మనం నిర్ధారించలేం. స్తంభించింది గనక అది చెప్పలేదు" అన్నాడు త్రినాథ్. అందరూ ఆ చిక్కును మెచ్చుకుంటూ కుర్చీల్లో సర్దుకున్నారు. రెండో విడత టీ అడిగారు.

పదకొండు కావస్తోంది. వరహాలమ్మ పడకగది గుమ్మంలో నిలబడి ఉంది. గంజి పెట్టిన పొందూరు చీర కట్టుకుంది, తలలో కనకాంబరాలు పెట్టుకుంది. గేట్‌వే నుంచి ల్యాప్‌టాప్ దాకా వెళ్లే తీగ ఆ గుమ్మంలోంచే పోతుంది, అందుకని తలుపు ఎప్పుడూ పూర్తిగా పడదు. ఆవిడ కంప్యూటర్‌ను చూడటంలేదు. సంఘాన్నీ చూడటంలేదు. మొగుడినే చూస్తోంది. ఆ చూపులో కోపం ఉన్నా ఆయన తట్టుకునేవాడు. అక్కడ కోపం లేదు. ఈయన ఇంతే అన్న నిర్ణయానికి ఇంకా రాకుండా, ఆఖరిసారిగా ఆగి చూస్తోంది.

దాలినాయుడు లేచాడు. టీ తేవడానికని అందరూ అనుకున్నారు. ఆయన గోడ దగ్గరికి వెళ్లి, వంగి, ప్లగ్గు పీకేశాడు.

కంప్యూటర్ ఫ్యాను మూలిగి ఆగిపోయింది. ఆ చప్పుడుకు ఇన్నాళ్లూ ఎంత అలవాటు పడ్డారో, ఆగాక గానీ ఎవరికీ తెలియలేదు. భానోజీరావు కళ్లజోడు తీసి, తీసినది తీసినట్టే పట్టుకున్నాడు. దాలినాయుడు లోపల శ్రీరామా శ్రీరామా అనుకుంటూ కాసేపు ఆగి ప్లగ్గు మళ్లీ పెట్టాడు. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. బావమరిది, మోటారువాడు, చదవని వార్తలు అన్నీ పోయాయి. లోపల ఇల్లు కడిగినంత ఖాళీగా ఉంది.

"వెళ్లు వరహాలూ" అన్నాడు.

ఆవిడ లోపలికి వెళ్లింది. కాసేపటికి తలుపు సందులోంచి ప్రొఫెసరు గారి గొంతు స్పష్టంగా వినిపించింది. "వినబడుతోందామ్మా?" "వినబడుతోంది మేడం."

ఇవతల భానోజీరావుకు మాట తిరిగి వచ్చింది. "నాయుడు గారూ, ఏమిటిది? సంఘం సమక్షంలో! ప్రధాన కార్యాలయం తెర మీద ఈపాటికి మీ గేట్‌వే పక్కన సున్నా పడి ఉంటుంది. డైరెక్టరు గారు అతిథులతో ఉంటే నా గతేమిటి?"

"ఛార్జిమెమో ఇవ్వాలండి, ఇక్కడే, ఇప్పుడే" అన్నాడు ఒక సభ్యుడు.

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ మండలిలో పుట్టి బుద్ధెరిగాక ఛార్జిమెమో రాసినవాడు ఒక్కడే ఉన్నాడు.

"కాగితం తీసుకోండి నాయుడు గారూ" అన్నాడు భానోజీరావు, కాస్త ఇబ్బందిగానే.

దాలినాయుడు కాగితం తీసుకున్నాడు. మొదట్లో మనసు మనసులో లేదు. రెండో వాక్యానికి వచ్చేసరికి చెయ్యి దారిలో పడింది. 'సదరు ఉద్యోగి ఉద్దేశపూర్వకముగా ప్లగ్గును తొలగించినాడు' అని భానోజీరావు చెబితే, అది పలచగా ఉందనిపించి, 'పూర్తి స్పృహతో, పట్టపగలు, సంఘము తనకు సమర్పింపబడిన ఉపాహారము స్వీకరించుచుండగా, తానే రచించిన పదిహేనవ నిబంధనను తానే ఉల్లంఘించినాడు' అని దిద్దాడు. సభ్యులు భేష్ అన్నారు. ఇంత గట్టిగా రాస్తే ముద్దాయి తప్పించుకోలేడని త్రినాథ్ అభిప్రాయపడ్డాడు. తప్పించుకోలేడని దాలినాయుడు హామీ ఇచ్చాడు.

లోపల ప్రశ్నలు సాగుతున్నాయి. వరహాలమ్మ జవాబులు తడుముకోకుండా వస్తున్నాయి. దాలినాయుడు ఒక చెవి అటే వేసి రాస్తున్నాడు.

"ఆఖరి ప్రశ్నమ్మా" అన్నారు ప్రొఫెసరు గారు. "ఒక సంస్థ తను ఎందుకు పుట్టిందో మరిచిపోయి, నిబంధనను కాపాడటమే పనిగా పెట్టుకోవడానికి ఉదాహరణ ఇవ్వండి. పుస్తకంలోది వద్దు. మీరు చూసింది చెప్పండి."

లోపల నిశ్శబ్దం. దాలినాయుడు కలం ఆపాడు. మళ్లీ బిగుసుకుందా? కంప్యూటర్ వైపు చూశాడు. దీపాలు చక్కగా మినుకుమంటున్నాయి.

"ఒక్క నిమిషం మేడం" అంది వరహాలమ్మ. తలుపు మెల్లగా తెరుచుకుంది. ఆవిడ ల్యాప్‌టాప్ ఎత్తి పట్టుకుని, దాని ముఖం హాలు వైపు తిప్పింది.

సంఘం వారు గమనించలేదు. భానోజీరావు పైకప్పు వైపు చూస్తూ, మెమో వెనకాలే కొత్త నిబంధన ఒకటి చెబుతున్నాడు. "ఇకమీదట గేట్‌వే స్తంభించినచో, స్తంభించినట్లు గేట్‌వేయే ధ్రువీకరించవలెను. ధ్రువీకరణ రానిచో స్తంభించలేదని భావించవలెను. రాశారా?"

"రాశాను సార్" అన్నాడు దాలినాయుడు. అంటూనే తలెత్తి, తెర మీద తననీ, తన చుట్టూ టీ కప్పులతో కూర్చున్న సంఘాన్నీ చూశాడు. తెరకు ఒక మూల నెరిసిన జుట్టు ప్రొఫెసరు గారు ముందుకు వంగి మరీ చూస్తున్నారు.

"ఇది రికార్డు చేసిందా అమ్మా, ఇప్పుడు జరుగుతున్నదా?"

"ఇప్పుడేనండీ."

"ఆ రాస్తున్నాయన ఎవరు?"

"యంత్రాన్ని ఆపకూడదన్న నిబంధన రాసిందీ ఆయనేనండి, ఇందాక దాన్ని తప్పిందీ ఆయనే. నా పరీక్ష కోసం తప్పారు. ఇప్పుడు తన మీద ఛార్జిమెమో తనే రాసుకుంటున్నారు." ఆవిడ గొంతు కొంచెం తడబడింది. "మా ఆయనేనండీ."

ప్రొఫెసరు గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి తేరుకుని, కళ్లు తుడుచుకుని అడిగారు. "చాలు. దీనికి మించి నేనేం అడగను. కాకపోతే, మార్కులకి కాదు గానీ, ఒక్కటి చెప్పండి. ఇలాంటి సంస్థ ఎప్పటికైనా నేర్చుకుంటుందంటారా?"

వరహాలమ్మ మొగుడి వైపు చూసింది.

"సంస్థ సంగతి నాకు తెలీదు మేడం. ఈయన నేర్చుకున్నారు. కాకపోతే మెమో పూర్తి చేశాక గానీ లేవరు."

దాలినాయుడు విన్నాడు. ఉక్రోషం వస్తుందేమోనని చూసుకున్నాడు, రాలేదు. మెమో చివర తయారుచేసినవాడి చోట సంతకం పెట్టాడు. కింద, అందుకున్నవాడి చోట ఇంకో సంతకం పెట్టాడు. కాగితాన్ని భానోజీరావు చేతిలో పెట్టి, లేచి, పెళ్లాం పట్టుకున్న ల్యాప్‌టాప్ ముందుకు వచ్చి ప్రొఫెసరు గారికి నమస్కారం చేశాడు.